ఛార్జర్‌లో ట్రాన్స్‌ఫార్మర్: చిన్నదే, కానీ పని పెద్దది

ఛార్జర్ అనగానే అందరూ అడిగేది ఒకటే: "ఎన్ని వాట్స్?" నేను మాత్రం లోపలున్న ట్రాన్స్‌ఫార్మర్ ఎలాంటిదని అడుగుతాను. ఎందుకో చూద్దాం.

పాత అడాప్టర్లు ఇటుకల్లా బరువుగా ఉండేవి. వాటిలోని ఇనుప కోర్ ట్రాన్స్‌ఫార్మర్ నేరుగా 50 హెర్ట్జ్ కరెంటు మీద పనిచేసేది. ఇప్పటి ఛార్జర్ 230 వోల్టుల ఏసీని ముందు సుమారు 325 వోల్టుల డీసీగా మారుస్తుంది. దాన్ని ఒక మాస్‌ఫెట్ సెకనుకి వేల సార్లు ఆన్-ఆఫ్ చేస్తుంది. చాలా ఛార్జర్లలో ఇది దాదాపు 65,000 సార్లు. గాన్ ఛార్జర్లలో ఇంకా ఎక్కువ.

తొట్టి నింపాలంటే పెద్ద బిందెతో మెల్లగా పోయొచ్చు, చిన్న చెంబుతో చకచకా పోయొచ్చు. ఇక్కడ జరిగేది రెండోది. ఒక్కో విడతలో మోసే ఎనర్జీ తక్కువ కాబట్టి చిన్న కోర్ చాలు. ఈ వేగానికి మామూలు ఇనుప కోర్ విపరీతంగా వేడెక్కుతుంది, అందుకే ఫెరైట్ వాడతారు.

ఫోన్ ఛార్జర్లలో ఎక్కువగా ఉండేది ఫ్లైబ్యాక్ పద్ధతి. స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపు ట్రాన్స్‌ఫార్మర్ ఎనర్జీని అయస్కాంత క్షేత్రంగా దాచుకుంటుంది. ఆఫ్ అవ్వగానే సెకండరీ వైపు వదిలేస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. ప్రైమరీలో 325 వోల్టులు, సెకండరీలో మీ చేతిలోని ఫోన్. ఆ రెండు చుట్టల మధ్య ఉన్నది ఇన్సులేషన్ మాత్రమే. మంచి ఛార్జర్లలో సెకండరీకి మూడు పొరల ఇన్సులేషన్ ఉన్న వైరు వాడతారు, లేదా చుట్టల మధ్య టేపు పొరలు, అంచుల్లో ఖాళీ వదులుతారు. నాసిరకం వాటిలో మామూలు ఎనామెల్ వైరు, పైన ఒక వరస టేపు, అంతే! ఆ ఇన్సులేషన్ పాడైతే మెయిన్స్ కరెంటు కేబుల్ దాకా వచ్చేస్తుంది.

చిక్కేంటంటే, ఇలాంటి ఛార్జర్ కూడా ఫోన్‌ని చక్కగానే ఛార్జ్ చేస్తుంది. యూఎస్‌బీ మీటర్ పెట్టినా తేడా తెలియదు. అలాగని మీరు విప్పి చూడొద్దు. ప్లగ్ తీసేశాక కూడా లోపలి కెపాసిటర్‌లో ఛార్జ్ ఉండొచ్చు.

మీరు చేయగలిగింది ఒకటుంది. ఛార్జర్ మీద బీఐఎస్ గుర్తు, 'ఆర్'తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్ ఉన్నాయేమో చూడండి. ఆ నంబర్‌ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి, వచ్చిన కంపెనీ పేరు, మీ ఛార్జర్ మీద ఉన్నది ఒకటేనా అని సరిచూసుకోండి. నంబరే లేకపోతే, ఎన్ని వాట్స్ అని రాసున్నా సరే, కొనకండి.