నిలోఫర్: ఒక రాకుమారి, ఒక ఆస్పత్రి

సూర్యాపేటలో గాని, కోదాడలో గాని, మిర్యాలగూడలో గాని పసిబిడ్డకు ప్రాణం మీదికొస్తే పెద్దల నోట వచ్చే మాట ఒక్కటే: "నిలోఫర్‌కు తీస్కపోండి." ఆ మాట వింటూనే పెరిగాను. అది ఒక మనిషి పేరని మాత్రం కాలేజీలో చేరిందాకా నాకు తెలియదు.

నిలోఫర్ 1916లో ఇస్తాంబుల్‌లో, టర్కీ సుల్తానుల వంశంలో పుట్టింది. 1924లో ఖలీఫా పదవి రద్దయి, ఆ వంశమంతా దేశం విడిచిపోవలసి వచ్చింది. ప్రవాసంలో పెరిగిన ఆమెకు 1931 నవంబరులో, ఫ్రాన్సులోని నీస్ నగరంలో, ఏడవ నిజాం రెండో కొడుకు మొఅజ్జం జాతో వివాహం జరిగింది. అప్పటికి నిండా పదహారేళ్లు లేవు. అదే వేడుకలో చివరి ఖలీఫా కూతురు దురుషెహ్వార్ నిజాం పెద్ద కోడలయింది.

హైదరాబాదు వచ్చిన నిలోఫర్ పరదా చాటున ఉండిపోలేదు. చీర కట్టి సభలకు వచ్చింది. అందగత్తెగా దేశదేశాల్లో పేరు పొందింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో నర్సింగు నేర్చుకుని సేవ చేసింది. ఆమెకు సంతానం కలగలేదు. తన దగ్గర పనిచేసే మనిషి కాన్పులో చనిపోవడం ఆమెను కలచివేసింది. తల్లులకూ పిల్లలకూ ఆస్పత్రి ఉండాలన్న పట్టుదల అక్కడ పుట్టిందే. 1953లో ఆస్పత్రి వచ్చింది. అప్పటికే, 1952లో, ఆమెకు విడాకులయ్యాయి. 1989లో పారిస్‌లో కన్నుమూసింది.

"నిజాం మీద తిరగబడిన నల్లగొండ గడ్డ మనది. రాణుల కథలు మనకెందుకు?" అని ఒక మిత్రుడడిగాడు. ప్రశ్న సబబే. ఆ భోగమంతా రైతు కట్టిన శిస్తులోంచి వచ్చిందే. అయితే నాకు తట్టింది వేరు: రాజమహల్లో పనిచేసే మనిషికే కాన్పులో ఆ గతి పడితే, ఆనాటి మన పల్లెల్లో ఆడకూతుళ్ల సంగతేమిటి? వాళ్ల పేర్లు ఏ గోడ మీదా లేవు.

2019లో సూర్యాపేటకు వైద్య కళాశాల వచ్చింది. సంతోషమే. రాకుమారి అందం ఫొటోల్లో మిగిలింది. పేరు మాత్రం బిడ్డనెత్తుకుని బస్సెక్కే తల్లి నోట బతికింది. ఆ తల్లికి అంత దూరం పోవలసిన అవసరం తప్పించడమే ఆ పేరుకు మనం చేయగల గౌరవం.