ఆంగ్లో-బర్మా యుద్ధాలు (1824–1885)

బర్మాను ఏలిన కొన్‌బాంగ్ వంశపు రాజులు అరకాన్‌ను, మణిపూర్‌ను, అస్సాంను లోబరచుకొని బెంగాల్ సరిహద్దు వరకు చొచ్చుకురావడంతో, గవర్నర్ జనరల్ లార్డ్ ఆమ్‌హర్‌స్ట్ 1824 మార్చిలో యుద్ధం ప్రకటించాడు. మద్రాసు సైన్యపు సిపాయిలు కూడా పాల్గొన్న దాడిలో రంగూన్ మే నెలలోనే చిక్కినప్పటికీ, వానాకాలపు జ్వరాలు, ఆహారపు కొరత ఈస్టిండియా కంపెనీ దళాలను శత్రువు ఆయుధాలకన్నా ఎక్కువగా బలిగొన్నాయి. సామాన్లు మోసే ఎడ్ల ఖర్చు తామే భరించాలన్న నిబంధనను ఎదిరించిన బారక్‌పూర్ సిపాయిలపై అదే ఏడాది నవంబరులో ఫిరంగులు పేల్చడం, 1857 తిరుగుబాటుకు ముందునాటి ఘోరాల్లో తగినంతగా గుర్తింపు పొందని ఘట్టం. బర్మా సేనాని మహా బందూల 1825లో దనుబ్యూ వద్ద మరణించిన తరువాత, 1826 ఫిబ్రవరి 24న కుదిరిన యాందబో సంధి ప్రకారం బర్మా రాజు అరకాన్, తెనాసెరిమ్ తీరాలను వదులుకొని, అస్సాం, మణిపూర్‌లపై హక్కు విడిచి, కోటి రూపాయల యుద్ధ పరిహారానికి, రాజధానిలో రెసిడెంటు, అనగా కంపెనీ శాశ్వత ప్రతినిధి, ఉండటానికి అంగీకరించాడు.

రెండవ యుద్ధం (1852) గవర్నర్ జనరల్ డల్హౌసీ కాలంలో జరిగింది; సంధి ఏదీ లేకుండానే దిగువ బర్మాలోని పెగూ ప్రాంతం బ్రిటిష్ ఇండియాలో విలీనమైంది.

మూడవ యుద్ధానికి (1885) బాంబే బర్మా ట్రేడింగ్ కార్పొరేషన్‌పై టేకు కలప విషయంలో బర్మా ప్రభుత్వం విధించిన జరిమానా సాకు మాత్రమే. ఫ్రెంచి ప్రాబల్యం పెరుగుతుందన్న భయమే అసలు కారణమని చెప్పాలి. వైస్రాయి డఫ్రిన్ కాలంలో బర్మా రాజు తీబా మాండలేలో లొంగిపోగా, అతన్ని రత్నగిరికి ప్రవాసం పంపారు. 1886 జనవరి 1న ఎగువ బర్మా విలీన ప్రకటన వెలువడింది. 1935 భారత ప్రభుత్వ చట్టం ఫలితంగా 1937లో బర్మా భారతదేశం నుంచి వేరుపడింది.