కోరకయే జరుగు అప్పీలు

అప్పీలనగా క్రింది న్యాయస్థానపు తీర్పువలన తృప్తిచెందనివాడు పై న్యాయస్థానమునకు చేసికొను మనవియని మన విద్యార్థులు పౌరశాస్త్రమున చదివియున్నారు. అడిగినవానికే అది లభించును. గడువు దాటినచో అదియు లేదు. అయితే అమెరికా సంయుక్త రాష్ట్రముల సైనికచట్టమున ఎవరును అడుగకయే జరుగు అప్పీలొకటి కలదు. సైనికునికి మరణశిక్ష విధింపబడినప్పుడు అది తప్పక జరుగును.

ఆ చట్టము 1951 మే 31వ తేదినుండి అమలులోనికి వచ్చినది. కోర్టుమార్షల్ సభ్యులందరు ఏకాభిప్రాయులైననే గాని మరణశిక్ష విధింపరాదు. విధించిన పిమ్మట, ముద్దాయి నోరు విప్పకున్నను, విచారణ రికార్డు జడ్జి అడ్వొకేట్ జనరల్ ద్వారా ఆ దళపు క్రిమినల్ అప్పీళ్ల న్యాయస్థానమునకు పోవును. ముద్దాయి తరపున వాదించుటకు ఖర్చులేకుండ న్యాయవాదులు నియమింపబడుదురు. వారు రికార్డునంతయు చదివి, విచారణలో జరిగిన తప్పులను ఒక్కొక్కటిగా ఎత్తిచూపుచు వాదపత్రము దాఖలు చేయుదురు. ప్రభుత్వపక్షమువారు దానికి బదులు దాఖలు చేయుదురు.

అచ్చట శిక్ష స్థిరపడినచో రెండవ మెట్టు సాయుధబలముల అప్పీళ్ల న్యాయస్థానము. ఇందలి న్యాయాధిపతులు అయిదుగురును సైనికులు కారు. ఇతర శిక్షలు పొందినవాడు ఇచ్చటికి రావలెనన్న 60 దినములలో తగిన కారణము చూపుచు పిటిషను పెట్టుకొనవలెను, దానిని నిరాకరింపవచ్చును. మరణశిక్షయైనచో నిరాకరించు అధికారము ఈ న్యాయస్థానమునకు లేదు.

ఇంతకంటె వింతయైన దొకటి కలదు. ఇతరులు తమ అప్పీలును వ్రాతమూలముగా వదలుకొనవచ్చును. మరణశిక్ష పొందినవాడు వదలుకొనజాలడు. చావగోరినను చట్టము వెంటనే చావనీయదు! ప్రాణము తీయబూనిన ప్రభుత్వము ముందుగా తన చేతిని తాను పరీక్షించుకొనుటయే ఇందలి ఉద్దేశమని మా అభిప్రాయము. పౌలు రోమా పౌరుడగుటచే కైసరునకు అప్పీలు చేసికొనెను. కాని నోరు తెరచి అడిగినందుననే అది లభించెనని బైబిలు తరగతి బాలురు గుర్తింతురుగాక.

2009లో ఫోర్ట్ హుడ్‌లో 13 మందిని కాల్చిచంపిన నిడాల్ హసన్ తన వ్యాజ్యమును తానే నడుపుకొని, సాక్షి నొక్కని పిలువక, తుది వాదనయైన చేయకుండెను. 2013లో మరణశిక్ష పడినది. అయినను పై మెట్లన్నియు ఎక్కవలసియే వచ్చెను. 2023లో గాని రెండవ న్యాయస్థానము దానిని స్థిరపరుపలేదు. పదియేండ్లు వృథాయని తలచువారు కర్టిస్ అను మెరీన్ సైనికుని వ్యాజ్యమును చూడవలెను. 1996లో వాని మరణశిక్షను ఖాయపరచిన ఆ న్యాయస్థానమే, మరల ఆలోచించి, శిక్షానిర్ణయ సమయమున వాని న్యాయవాదులు చెప్పవలసినది చెప్పరైరని కనుగొని, 1997లో దానిని కొట్టివేసినది.

మన దేశమునను సెషన్సు కోర్టు విధించిన మరణశిక్ష హైకోర్టు ధ్రువపరచనిదే అమలు కాదు. అమెరికా సైనికునికి న్యాయస్థానముల పిదప దేశాధ్యక్షుని ఆమోదముకూడ కావలెను. అధ్యక్షుడు శిక్షను తగ్గింపనువచ్చును. 1961 ఏప్రిల్ 13వ తేదిన జాన్ బెన్నెట్ అను సైనికుని ఉరితీసిన పిదప, 2024 సంవత్సరాంతమువరకు అచ్చటి సైనిక మరణశిక్ష యేదియు అమలు జరుగలేదు.