నక్కలు, తోడేళ్లు, ఊరకుక్కల బారినుండి గొఱ్ఱెలను, మేకలను, కోళ్లను కాపాడుకొనుట



మెట్ట ప్రాంతములలో సన్నకారు రైతునకు ఇరవై గొఱ్ఱెలు, పది మేకలు, పెరటిలో తిరుగు నాలుగు కోళ్లు పంటకు తోడుగా నిలుచు ఆస్తి. వానలు తప్పిన ఏట పిల్లల చదువునకైనను, మరుసటి కారుకు విత్తనములు కొనుటకైనను చేతికి డబ్బు వచ్చునది వానివలననే. ఇట్టి ఆస్తి ఒక్క రాత్రిలో పోవచ్చును. తెల్లవారి దొడ్డిలో నాలుగు గొఱ్ఱెలు చచ్చిపడియుండగా చూచి, "నక్క కొట్టినది" అనుకొని, మాంసములో విషము కలిపి పొలము గట్టున పెట్టువారు కలరు. కాని ఆ రాత్రి వచ్చినది నక్క కాకపోవచ్చును. పెట్టిన విషము అసలు దోషికి తగులకపోవచ్చును. దొడ్డి తలుపు మాత్రము మునుపటివలెనే వదులుగా నుండును.

ఈ పాఠములో చెప్పదలచిన ముఖ్యవిషయ మొక్కటే. ముందు దోషి ఎవరో గుర్తింపవలెను. పిమ్మట రాత్రి దొడ్డిని గట్టిచేయవలెను. అడవిలో తిరుగు జంతువు మన చేతిలో లేదు. దొడ్డి, తలుపు, మందను ఇంటికి తోలు వేళ మన చేతిలో నున్నవి.

దోషిని గుర్తించుట

నక్క సుమారు 8 మొదలు 10 కిలోల బరువుండును. ఇంత చిన్న జంతువు ఎదిగిన గొఱ్ఱెపై పడుట అరుదు. దాని కన్ను గొఱ్ఱెపిల్లలు, మేకపిల్లలు, కోళ్లపై నుండును. మెడను లేక గొంతును కరచి చంపి, పొట్ట చీల్చి లోపలి భాగములను ముందుగా తినును. చిన్నపిల్లయైనచో నోట కరచుకొని పోవును.

తోడేలు నక్కకు రెట్టింపు బరువు గలది. రాయలసీమ, పాలమూరు ప్రాంతముల గడ్డిబీళ్లలోను, రాతిగుట్టలలోను ఇది నేటికిని కలదు. బట్టమేక పక్షి రక్షణకై 1988 లో ఏర్పడిన రోళ్లపాడు అభయారణ్యములో కృష్ణజింకలతో పాటు తోడేళ్లును ఉన్నవి. ఇవి జంటగా గాని, చిన్న గుంపుగా గాని వచ్చి, గొంతు పట్టి చంపును. పట్టిన జీవమును దూరముగా లాగుకొనిపోయి చాలవరకు తినివేయును.

ఊరకుక్కల తీరు వేరు. ఇవి గుంపుగా దొడ్డిలో దూరి, దొరికిన ప్రతి జీవమును తరుముచు తొడలను, డొక్కలను, తోకను, చెవులను చీల్చును. చచ్చినవి, గాయపడినవి అనేకము. తిన్నది మాత్రము కొంచెము. ఒక్క రాత్రిలో పలు జీవములు గాయపడి, మాంసము అంతగా తినబడకయున్నచో ముందుగా కుక్కలను అనుమానింపవలెను.

చిరుతపులి గొంతుపై లోతైన కోరల గాట్లు విడిచి, చంపినదానిని పొదల మాటునకు ఈడ్చుకొనిపోవును.

అడుగుజాడలను కూడ చూడవలెను. కుక్క, నక్క, తోడేలు జాడలలో గోళ్ల గుర్తులు కనబడును. పిల్లిజాతి జాడలలో సాధారణముగా కనబడవు. నక్క జాడ కుక్క జాడకన్న సన్నగా, పొడవుగా నుండును. జాడలు తెలియుటకు దొడ్డి చుట్టును రెండడుగుల వెడల్పున మెత్తని మట్టి పరచి, సాయంకాలము చీపురుతో చదును చేసిన చాలును. వచ్చిన జంతువేదో, ఏ మూలనుండి వచ్చినదో తెల్లవారి ఆ మట్టియే చెప్పును.

చంపి తిన్నదా, చచ్చినదానిని తిన్నదా?

నక్క చచ్చిన పశువులను తిను జంతువు. రోగముతో చచ్చిన పిల్లను రాత్రి నక్క తిన్నచో, తెల్లవారి చూచిన రైతు నక్కయే చంపినదని తలచును. ఈ పొరపాటువలన అసలు రోగము మందలో మిగిలిపోవును. చిటుక రోగమునకు బలిసిన పిల్లలు రాత్రికి రాత్రి చచ్చుట సామాన్యము. దీనికి విరుగుడు కంచె కాదు. తొలకరికి ముందు వేయించు టీకా.

ప్రాణముండగా కరచిన చోట తోలు క్రింద నెత్తురు గడ్డకట్టి, మాంసము నల్లగా కమిలియుండును. చచ్చిన తరువాత కరచినచో ఇట్లు కమలదు. అప్పుడే పుట్టిన పిల్ల విషయములో ఊపిరితిత్తి ముక్కను నీటిలో వేసి చూడవచ్చును. ముక్క తేలినచో పిల్ల పుట్టి శ్వాస పీల్చినది. మునిగినచో చచ్చి పుట్టినది.

ఒక్క హెచ్చరిక. జీవము హఠాత్తుగా చచ్చి, పొట్ట ఉబ్బి, ముక్కునుండి గాని ఆసనమునుండి గాని నల్లని నెత్తురు కారుచున్నచో దానిని కోయరాదు, తోలు ఒలువరాదు. అది దొమ్మరోగము కావచ్చును, మనుష్యులకును సోకును. వెంటనే పశువైద్యునికి తెలుపవలెను.

రాత్రి దొడ్డి

ఇరవై గొఱ్ఱెలు, ఒక పొట్టేలు గల మందను లెక్కకు తీసికొందము. తలకు 12 చదరపు అడుగుల చొప్పున 252 చదరపు అడుగులు కావలెను. నిడివి 16 అడుగులు, వెడల్పు 16 అడుగులు గల దొడ్డి దీనికి సరిపోవును. చుట్టుకొలత 64 అడుగులు. 8 అడుగులకొక గుంజ చొప్పున 8 గుంజలు, తలుపు కొరకు మరియొకటి పట్టును. గుంజ 7 అడుగుల పొడవుండి, 2 అడుగులు భూమిలోను, 5 అడుగులు పైనను ఉండవలెను. వెల్డింగు చేసిన గట్టి ఇనుప జాలిని 5 అడుగుల ఎత్తున బిగింపవలెను. జాలి కన్ను 3 అంగుళములకు మించరాదు.

చాలమంది ఇక్కడితో ఆపుదురు. కాని నక్కయు, కుక్కయు కంచె ఎక్కుటకన్న దాని క్రింద త్రవ్వి దూరుటకే చూచును. కావున 2 అడుగుల వెడల్పు గల జాలిని కంచె మొదటికి తీగతో కట్టి, బయటివైపు నేలపై పరచి, 3 అంగుళముల మట్టి కప్పవలెను. జంతువు కంచె మొదటనే త్రవ్వును. గోళ్లకు జాలి అడ్డుపడగా మానివేయును. రెండడుగులు వెనుకకు జరిగి త్రవ్వవలెనను ఊహ దానికి సాధారణముగా తోచదు.

ఇనుప జాలి కొనలేనివారు తుమ్మకంప, రేగుకంపలతో కంచె వేయవచ్చును. కంపను మొదళ్లు లోపలికి, ముండ్లకొనలు బయటికి ఉండునట్లు పేర్చవలెను. ఎండి కూలిన కంపపై ఎప్పటికప్పుడు క్రొత్త కంప వేయవలెను. కంచె ఎంత గట్టిదైనను తలుపు వదులైన వ్యర్థము. తలుపు క్రింద నాలుగు వ్రేళ్లకు మించిన సందు ఉండరాదు; అచట రాతిబండ పరచుట మేలు. చిరుతలు తిరుగు అడవి అంచు గ్రామములలో పైకప్పును కూడ పూర్తిగా మూయవలెను.

పొలములో మంద కట్టునప్పుడు

పొలములో గొఱ్ఱెల మంద కట్టించుట భూమికి ఎంతో మేలు. ఎరువు, మూత్రము రెండును నేలకు చేరును. కాని మందకు అపాయ మెక్కువగా నుండునది ఆ రాత్రులలోనే. తడికెలతో గాని, గట్టి వలతో గాని చుట్టును కట్టి, పిల్లలను నడిమి భాగమున వేరుగా ఉంచవలెను. ఇద్దరు కాపరులు వంతులవారీగా మేలుకొనవలెను. మంద కట్టించుకొను రైతు తన పొలములో ముందుగానే కంప కొట్టించి ఇచ్చినచో గొల్లవారికి సగము భారము తగ్గును.

దీపము మేలు చేయును గాని, ఒకేచోట కదలక వెలుగు దీపమునకు జంతువులు కొన్ని రాత్రులలో అలవాటుపడును. దీపమును రెండు మూడు రాత్రులకొకసారి చోటు మార్చవలెను. దీపమున్నదని కాపలా మానరాదు.

ఈనిక కాలము

గొఱ్ఱె చూలు సుమారు 150 రోజులు. జూన్, జూలై నెలలలో చూలు కట్టినవి నవంబరు, డిసెంబరు నెలలలో ఈనును. తోడేళ్లు పిల్లలను పెట్టి మేపునదియు చలికాలముననే. కావున ఆ నెలలలో మిక్కిలి జాగ్రత్త వలయును. ఈనుటకు సిద్ధముగానున్న గొఱ్ఱెలను దూరపు బీళ్లకు తోలరాదు. పిల్లలను నెల దాటువరకు ఇంటి దాపున ఉంచవలెను. మాయను, చచ్చిన పిల్లలను దిబ్బపై పారవేయక లోతుగా పూడ్చి, పైన సున్నము చల్లి, కంప కప్పవలెను. దిబ్బపై మాంసము రుచిచూచిన నక్క మరునాడు దొడ్డికి వచ్చును.

ప్రొద్దు గ్రుంకక ముందే మందను ఇల్లు చేర్చవలెను. ఉదయము తోలునప్పుడును, సాయంకాలము చేరినప్పుడును తలలు లెక్కింపవలెను.

కాపలా కుక్క

కాపలాకు కుక్కను పెంచదలచినవారు రెండు నెలల కూనను తెచ్చి గొఱ్ఱెపిల్లల నడుమ పెంచవలెను. మందనే తన కుటుంబముగా తలచి పెరిగిన కుక్క మందను విడువదు. ఒక్క కుక్కకన్న రెండు మేలు. వానికి కడుపునిండ తిండి పెట్టవలెను. ఆకలిగొన్న కుక్క వేట మరగును. మూడవ నెలలో పిచ్చికుక్క రోగపు టీకా వేయించి, పశువైద్యుని సలహాపై ఏటేట మరల వేయింపవలెను.

పెరటి కోళ్లు

కోళ్లను చూచుకొను ఇల్లాండ్రు ఈ భాగమును ప్రత్యేకముగా గమనింతురుగాక. కోళ్లకు ముంగిస, అడవిపిల్లి, నక్క, కుక్క అన్నియు శత్రువులే. పిల్లలను పందికొక్కులు కూడ ఎత్తుకొనిపోవును. పలుచని కోళ్ల జాలి కోడిని లోపల ఉంచును గాని కుక్కను బయట ఆపలేదు. గూటిని భూమికి రెండు మూడడుగుల ఎత్తున కట్టి, అర అంగుళము కన్ను గల గట్టి జాలి బిగించి, కోడికి ఒక చదరపు అడుగు చొప్పున చోటు ఇవ్వవలెను. చీకటి పడకముందే మూసి గడియ పెట్టవలెను. రాజేంద్రనగరములోని కోళ్ల పరిశోధన సంస్థవారు రూపొందించిన వనరాజా, గ్రామప్రియ జాతులు రంగు ఈకలు గలవి గాన తెల్లకోళ్లవలె దూరమునుండియే శత్రువు కంటబడవు. పిల్లలను ఆరు వారముల వరకు బయట వదలరాదు.

విషము వద్దు, కరెంటు తీగ వద్దు

గుళికల మందు కలిపిన మాంసమును ముందుగా తినునది తరచు మీ కాపలా కుక్కయో, పొరుగువాని కుక్కయో, ఆకాశముననున్న గ్రద్దయో అగును. పొలములో ఆడుకొను పసివాని చేతికి తగిలినచో ఆ నష్టమునకు పరిహారము లేదు. పైగా వన్యప్రాణి సంరక్షణ చట్టము 1972 నుండి అమలులో నున్నది. 2022 సవరణ ప్రకారము తోడేలు, నక్క రెండును మొదటి షెడ్యూలులో నున్నవి. వానిని చంపుట, ఉచ్చు వేయుట నేరము. ఊరకుక్కలను చంపుటయు తగదు. 2023 జంతు జనన నియంత్రణ నియమముల ప్రకారము స్థానిక సంస్థలు వానికి శస్త్రచికిత్స, టీకా చేయింపవలెను. గ్రామపంచాయతీకి అర్జీ పెట్టుడు.

ఈ విషయమున పరదేశపు అనుభవమును కూడ తెలిసికొనుట మేలు. అమెరికాలో నక్కను పోలిన కొయోటీ అను జంతువు గొఱ్ఱెల రైతులకు శత్రువు. అచట దశాబ్దముల తరబడి విషము, ఉచ్చు, తుపాకి వాడిరి. అయినను ఒకప్పుడు పడమటి మైదానములలోనుండిన కొయోటీ నేడు తూర్పు సముద్రతీరము వరకు వ్యాపించినది. చంపినదాని చోటునకు మరియొకటి వచ్చుచుండెను. 1970 తరువాత అచటి రైతులలో పలువురు గట్టి కంచెలను, కాపలా కుక్కలను ఆశ్రయించిరి. ఇచటను నక్కను చంపినచో మరియొక నక్క వచ్చును. అంతేకాక పొలములో ఎలుకలను తిను జంతువును మీరే పోగొట్టుకొందురు.

ఇక కంచెకు నేరుగా ఇంటి కరెంటు కలుపుట కన్నతండ్రికైనను, కూలివానికైనను మృత్యువును పిలుచుటయే. ఇది నేరము. విద్యుత్ కంచె కావలెనన్నచో విట్టువిట్టుగా స్వల్ప ఘాతము మాత్రమే ఇచ్చు సోలారు యంత్రమును తెలిసినవారిచే అమర్పించుకొనవలెను.

దాడి జరిగిన తెల్లవారి

చచ్చినదానిని కదల్పక, జాడలు చెరపక, అటవీశాఖవారికిని పశువైద్యునికిని వెంటనే తెలుపవలెను. వన్యమృగము చంపినదని తేలినచో నిబంధనల ప్రకారము పరిహారము కోరవచ్చును. గాయపడిన జీవముల గాయములను, చేతులకు తొడుగులు వేసికొని, సబ్బుతోను ధారగా పోయు నీటితోను పదిహేను నిమిషములు కడుగవలెను. పిచ్చికుక్క రోగపు టీకాలను పశువైద్యుడు ఆరోజే మొదలుపెట్టును. మనుష్యులను కరచినను, ఆ జీవముల చొంగ గాయమునకు తగిలినను ఆలస్యము చేయక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు వెళ్లవలెను.

ఈ సాయంకాలమే లాంతరు పట్టుకొని మీ దొడ్డి చుట్టును ఒకసారి తిరిగి చూడుడు. తలుపు క్రింద సందు ఎంత యున్నదో, కంప ఎచట కూలినదో, కంచె మొదట మట్టి ఎచట గుల్లగా నున్నదో గుర్తించి, రేపే సరిచేయుడు. సందేహములున్నచో దగ్గరి పశువైద్యశాలను గాని, కృషి విజ్ఞాన కేంద్రమును గాని సంప్రదింపుడు. చదువనేర్చిన రైతులు ఈ పాఠమును తమ ఊరి గొల్లవారికి చదివి వినిపింపవలెనని కోరుచున్నాము.