ఇసుక తిన్నెలపై వాహన చోదనము: ఒక తొలి పాఠము

తెలుగు బోధించు ఉపన్యాసకులు బండి నడుపుట గురించి వ్రాయుటేమిటని మా విద్యార్థులకు ఆశ్చర్యము కలుగవచ్చును. ఛందస్సు, వ్యాకరణము మా పని. గేర్లు, టైర్లు మా పని కాదు. అయినను ఈ వ్యాసమునకు కారణము మా తరగతి గదిలోనే ఉన్నది. పరీక్షలు ముగిసిన పిదప వీడ్కోలు చెప్పుటకు వచ్చు పిల్లలలో కొందరు హైదరాబాదునకు పోవుదురు; కొందరు సింగరేణి ఉద్యోగములకు ప్రయత్నింతురు; మరికొందరు డ్రైవింగు లైసెన్సు చేతబట్టుకొని దుబాయికో, రియాదుకో, మస్కటుకో ప్రయాణమగుదురు. ఉమ్మడి కరీంనగర్ జిల్లా నుండి గల్ఫు దేశములకు వలస పోవుట దశాబ్దములుగా సాగుచున్నదే. రాజీవ్ రహదారిపై లారీ నడిపిన చేయి అక్కడి రహదారిపై కూడ తడబడదు. కాని తారు ముగిసి ఇసుక మొదలైన చోట, ఇక్కడ నేర్చిన అలవాట్లే శత్రువులగును.

2024లో మన ఉమ్మడి కరీంనగర్ ప్రాంతపు యువకుడొకరు, వెంటనున్న సహోద్యోగితో కూడ, సౌదీ అరేబియాలోని రుబ్ అల్ ఖాలీ ఎడారిలో దారి తప్పి, బండిలో ఇంధనము అయిపోయి, దాహముతో మరణించిన వార్తను పత్రికలలో చదివినాము. 'రుబ్' అనగా నాలుగవ వంతు. 'ఖాలీ' అనునది మనము తెలుగులో నిత్యము వాడు 'ఖాళీ'యే. ఆ వార్త చదివిన నాటినుండి ఈ నాలుగు మాటలు వ్రాయవలెనని మా మనస్సున ఉన్నది. పోయినవారి తప్పొప్పులు ఎంచుట మా ఉద్దేశము కాదు. పోవుచున్నవారికి తెలిసినంత చెప్పి పంపుటయే మా ఉద్దేశము.

గోదావరిలో మేము నేర్చినది

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక వేసవి సాయంకాలము మిత్రుని జీపులో మేము నలుగురము గోదావరి ఒడ్డునకు పోయినాము. నీరు దూరముగా ఉన్నది. దగ్గరకు పోవుదమని బండిని ఇసుకలోనికి దింపినాము. పది గజములు పోగానే వేగము తగ్గినది. మిత్రుడు ఆక్సిలరేటరు నొక్కినాడు. చక్రములు గిర్రున తిరిగి ఇసుకలోనికి దిగినవి. మేము దిగి వెనుకనుండి త్రోసినాము. ఆయన మరింత నొక్కినాడు. బండి మరింత దిగి ఇరుసుపై కూర్చున్నది.

దూరమునుండి చూచుచున్న ట్రాక్టరు డ్రైవరొకాయన నడిచి వచ్చి, "చక్రం తిప్పకుండ్రి సార్, తిప్పినకొద్దీ దిగుతది. టైర్ల గాలి తియ్యుండ్రి" అన్నాడు. గాలి తీసిన బండి ఎట్లు కదలునని మేము వాదించినాము. ఆయన నవ్వి ఊరకున్నాడు. చక్రముల చుట్టు ఉన్న ఇసుకను పారతో తీసి, నాలుగు టైర్లలోను సగము గాలి వదిలించి, చక్రముల క్రింద గోనె సంచులు పరచి, వచ్చిన జాడలోనే మెల్లగా వెనుకకు రమ్మన్నాడు. బండి పెంపుడు పశువువలె మారు మాటాడక బయటకు వచ్చినది. నలుగురు పట్టభద్రులము కలిసి ముప్పావు గంటలో చెడగొట్టిన పనిని ఆయన పది నిమిషములలో బాగుచేసినాడు. ఈ వ్యాసములోని మొదటి గురువు ఆయనయే.

ఇసుక స్వభావము

తెలుగులో ఇసుక, ఉర్దూలో రేత్, అరబీలో రమల్. పేరేదైనను స్వభావ మొక్కటే. దీనిని గ్రహించుటకు మన బొగ్గు గనులకంటె మంచి పాఠశాల లేదు. సింగరేణి భూగర్భ గనులలో బొగ్గు తీసిన ఖాళీలను దశాబ్దముల తరబడి గోదావరి ఇసుకతో నింపినారు. ఇసుకను నీటితో కలిపి గొట్టముల ద్వారా లోపలికి పంపగా, నీరు వడిసిపోయి, ఇసుక గట్టిపడి, పై కప్పునకు ఆధారముగా నిలుచును. దీనినే గని కార్మికులు స్టోయింగు అందురు. ఓపెన్‌కాస్టు గనులు పెరిగిన పిదప ఆ పని తగ్గినది గాని, మా విద్యార్థులలో ఎందరి తండ్రులో, తాతలో దానిని ఎరిగినవారే.

గని కప్పును మోసిన ఇసుక జీపు చక్రమును ఏల మోయలేకపోయినది? గనిలో ఇసుకకు నలువైపుల గోడ ఉన్నది. పారిపోవుటకు చోటు లేదు. ఏటిలోను, ఎడారిలోను పై పొరకు అట్టి కట్టు లేదు. బరువు ఒకచోట గుచ్చుకొన్నట్లు పడిన, రేణువులు ప్రక్కలకు జారిపోవును. కాబట్టి బరువును ఒకచోట పడనీయక పరచవలెను. టైరులోని గాలి తగ్గించుట అందుకే.

చిన్న లెక్క చూడుడు. రెండు వేల కిలోల బండిలో ఒక్కొక్క చక్రముపై ఐదు వందల కిలోలు, అనగా సుమారు 1100 పౌండ్లు పడును. టైరులో చదరపు అంగుళమునకు 35 పౌండ్ల గాలి ఉన్నప్పుడు నేలను తాకు భాగము సుమారు 31 చదరపు అంగుళములు. అదే గాలిని 15 పౌండ్లకు తగ్గించిన, తాకు భాగము సుమారు 73 చదరపు అంగుళములగును. ఇది స్థూలమైన లెక్కయే. టైరు గోడలు కూడ కొంత బరువు మోయును. అయినను విషయము తేటపడుచున్నది. ఒంటె పాదము వెడల్పుగా ఉండుటలోని మర్మము కూడ ఇదియే.

ఈ శాస్త్రమునకు పునాది వేసినవారిలో రాల్ఫ్ బాగ్నోల్డ్ అను ఆంగ్లేయ సైనికాధికారి ముఖ్యుడు. ఈయన 1920వ దశకములో ఈజిప్టులో ఉండగా, సెలవు దినములలో మిత్రులతో కలిసి సాధారణమైన ఫోర్డు కార్లలో లిబియా ఎడారిని శోధించినాడు. టైర్ల గాలి తగ్గించుట, దిగబడిన చక్రముల క్రింద ఉక్కు పలకలు వేయుట మున్నగు ఉపాయములను ఆ బృందము అనుభవముచే స్థిరపరచినది. తరువాత ఆయన గాలికి ఇసుక ఎట్లు కదలునో ప్రయోగశాలలో పరిశీలించి, 1941లో ఎడారి తిన్నెల భౌతికశాస్త్రముపై గ్రంథము ప్రకటించినాడు. సెలవు దినముల వినోదమును కూడ శ్రద్ధతో చూచిన, అది శాస్త్రమగునని మన విద్యార్థులు గమనింపవలెను.

తిన్నెకు రెండు ముఖము లుండును. గాలి తగులు వైపు వాలు తక్కువ; ఇసుక గాలి ఒత్తిడికి కొంత గట్టిపడి ఉండును. గాలి చాటు వైపు వాలు నిటారు; అక్కడి ఇసుక శిఖరము దాటి జారి పడినదగుటచే మిక్కిలి మెత్తన. పొడి ఇసుక సుమారు 32 నుండి 34 డిగ్రీల వాలువరకే నిలువగలదు. అంతకు మించిన జారిపోవును. ఈ రెండు ముఖములను గుర్తుపట్టుటయే తొలి విద్య. నడినెత్తిన సూర్యుడున్నప్పుడు నీడలు లేక తిన్నెలన్నియు చదునుగా కనబడి కన్ను మోసపోవును. ఉదయము, సాయంకాలము నీడలు తిన్నె ఆకారమును చూపును. ఉదయపు చెమ్మకు ఇసుక కొంత గట్టిగా కూడ ఉండును.

బయలుదేరుటకు ముందు

మొదటి నియమము: ఒంటరి బండి ఇసుకలోనికి పోరాదు. కనీసము రెండు బండ్లు, అందొకదానిలో ఆ దారి ఎరిగిన మనిషి ఉండవలెను. ఎక్కడికి పోవుచున్నామో, ఎప్పటికి తిరిగి వత్తుమో వెనుకనున్న ఒకరికి చెప్పి పోవలెను. ఫోను సంకేతములు అందని చోట్లు ఎడారిలో ఎక్కువ. దారి చూపు యంత్రము కూడ మొరాయింపవచ్చును.

రెండవది: నీరు. మనిషికి రోజునకు కనీసము ఐదు లీటర్ల చొప్పున, అనుకొన్నదానికంటె ఒక దినమునకు ఎక్కువగా ఉంచుకొనవలెను. ఇసుకలో ఇంధనము రోడ్డుపై కంటె చాల ఎక్కువ ఖర్చగును. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడే బయలుదేరి, సగమునకు రాకముందే మరలుట క్షేమము.

మూడవది: పనిముట్లు. పార, గాలి కొలుచు గేజి, గాలి నింపు పంపు, వాహనము లాగుటకే తయారైన పట్టీ, జాకీ, జాకీ క్రింద వేయుటకు వెడల్పైన చెక్క. చెక్క లేని జాకీ బండిని ఎత్తదు; తానే ఇసుకలో దిగును. జాకీపై నిలిపిన బండి క్రిందికి తల దూర్చుట ఎన్నడును కూడదు.

తారు రోడ్డు దిగగానే టైర్ల గాలిని 15 నుండి 18 పౌండ్లవరకు తగ్గింపవలెను. నాలుగు చక్రములకును శక్తి నందించు గేరు వేయవలెను. గాలి తగ్గిన టైరుతో వేగముగా మలుపు తిప్పిన, టైరు చక్రపు అంచునుండి ఊడిపోవచ్చును. కావున మలుపులు విశాలముగా తిప్పవలెను. తిరిగి రోడ్డెక్కిన వెంటనే గాలి నింపుట మరువరాదు. మెత్తని టైరు తారుపై వేగముగా పోయిన వేడెక్కి పగులును.

ఎక్కుట, దిగుట, నిలుపుట

తిన్నెను ఎల్లప్పుడు నిటారుగా ఎక్కవలెను, నిటారుగా దిగవలెను. వాలుపై అడ్డముగా పోవుట, సగములో మలుపు తిప్పుట బండి దొర్లుటకు ప్రధాన కారణములు. ఎక్కుటకు కావలసిన ఊపును వాలు మొదలగుటకు ముందే సంపాదింపవలెను. వాలుపై హఠాత్తుగా నొక్కిన చక్రము తవ్వుకొనును. శిఖరము సమీపించినప్పుడు కాలు సడలింపవలెను. ఆవలి వైపు ఏమున్నదో తెలియదు: మెత్తని నిటారు వాలు ఉండవచ్చును, మరొక బండి ఉండవచ్చును, మనిషి ఉండవచ్చును. సందేహమున్నచో క్రిందనే బండి నాపి, నడిచి ఎక్కి చూచి రావలెను. ముందు బండి తిన్నె దాటి పోయినదని తెలిసినగాని వెనుక బండి ఎక్కరాదు.

ఊపు చాలక బండి నడుమ ఆగిపోయినచో పౌరుషమునకు పోరాదు. చక్రము తిరుగకముందే కాలు తీసి, రివర్సు గేరు వేసి, స్టీరింగు త్రిప్పక, వచ్చిన జాడలోనే తిన్నగా క్రిందికి రావలెను. దిగునప్పుడు చిన్న గేరులో, ఇంజను పట్టుతోనే దిగవలెను. బ్రేకు గట్టిగా తొక్కిన బండి వెనుక భాగము ప్రక్కకు తిరుగును. అట్లు తిరుగుచున్నచో బ్రేకు వదలి, కొద్దిగా ఆక్సిలరేటరు ఇచ్చి, ముందు చక్రములను మరల వాలునకు నేరుగా తేవలెను.

ఆపునప్పుడు కూడ బ్రేకు కంటె ఇసుకయే మేలు: కాలు తీసిన బండి తానే ఆగును. మరల బయలుదేరుటకు వీలుగా ముందు వైపు కొంత పల్లముగా ఉన్న చోటు చూచి ఆపవలెను.

చిక్కుబడినప్పుడు

బండి దిగబడినదని తెలిసిన క్షణమే ఆక్సిలరేటరు వదలవలెను. ఆ తరువాతి ప్రతి నొక్కుడును గొయ్యిని లోతు చేయును. అందరును దిగి, చక్రముల ముందు వెనుకల ఇసుకను, బండి పొట్ట క్రింది ఇసుకను పారతో తీయవలెను. గాలిని ఇంకను, 10 నుండి 12 పౌండ్లవరకు తగ్గించి, మెల్లగా వెనుకకు రావలెను. పొగ గొట్టము ఇసుకలో కూరుకొన్నచో ఇంజను నడుపుచు లోపల కూర్చుండరాదు. విషవాయువు లోనికి చేరును. మరొక బండితో లాగునప్పుడు పాత మోకులు, గొలుసులు వాడరాదు. తెగిన మోకు కొరడావలె వచ్చి మనిషిని చంపగలదు. చూచువారందరు దూరముగా నిలువవలెను.

ఏ ఉపాయమును ఫలింపనిచో బండిని విడిచి నడచి పోరాదు. ఎండలో నడచు మనిషి చుక్కవలె కనబడడు. బండి దూరమునకు కనబడును, నీడ నిచ్చును. వెదకువారు మొదట వెదకునది బండినే.

మన ఏటి ఇసుక వేరు

ఇది చదివి గోదావరిలో సాధన చేయుదమని ఎవరును అనుకొనరాదు. ఏటి ఇసుక తిన్నె ఇసుక కాదు. పైన ఎండిన పొర క్రింద నీరూరిన ఊబి ఉండవచ్చును. ఇసుక తవ్విన గోతులు నీటి క్రింద దాగి ఉండవచ్చును. పైగా ఎల్లంపల్లి బరాజు గేట్లు ఎత్తినప్పుడు ఎండిన చోట నీరు పారును. గల్ఫులో సముద్ర తీరపు ఉప్పు నేలలు కూడ ఇట్టివే. 'సబ్ఖా' అని పిలువబడు ఆ నేల పైకి గట్టిగా కనబడి, లోపల బురదయై ఉండును. తిన్నెలో చిక్కిన బండి గంటలో వచ్చును. సబ్ఖాలో చిక్కినది కొన్నిసార్లు రానే రాదు.

చివరి మాట

ఈ నియమములన్నియు మరచినను ఒక్కటి గుర్తుంచుకొనుడు. ఇసుకపై చెరుపు చేయునది బలము చాలకపోవుట కాదు, ఆగవలసినప్పుడు ఆగకపోవుట. కొత్త దేశములో, కొత్త యజమాని ఎదుట, 'నాకు ఇసుక తెలియదు' అని చెప్పుటకు మన పిల్లలు సిగ్గుపడుదురు. ఉద్యోగము పోవునేమోయని భయపడుదురు. ఆ భయము న్యాయమైనదే. కాని తెలియదన్న మాటకు పోవునది ఒక దినపు గౌరవము మాత్రమే. తెలిసినట్లు నటించిన పోగలది మరల రాదు. గోదావరి ఒడ్డున మేము వాదింపక ముందే అడిగియున్నచో ముప్పావు గంట మిగిలెడిది. ఎడారి నడుమ ముప్పావు గంట విలువ వేరు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపము. గల్ఫు నుండి తిరిగి వచ్చిన అనుభవజ్ఞులైన డ్రైవర్లు మన కాలనీలలోనే ఉన్నారు. సంవత్సరమునకు ఒక్క పూట వారిని పిలిపించి, బయలుదేరనున్న విద్యార్థులతో మాట్లాడించిన, ఆ పూట మా వ్యాకరణ పాఠము మానుటకు మేము సంతోషముగా సిద్ధము.