కుంట నీళ్లు పచ్చబడితే పైనున్న చేను చూడండి

మా వజ్రకరూరులో వాన పడిందంటే చాలు, వజ్రాల కోసం జనం చేలల్లో వెతుకుతారు. నేను మాత్రం వంకలో పారే ఎర్ర నీళ్లు చూస్తాను. ఆ ఎరుపంతా మన పైమట్టే. దాంతోపాటు భాస్వరం కూడా పోతోంది.

యూరియాలోని నత్రజని నీళ్లలో కరిగి జారిపోతుంది. భాస్వరం అలా కాదండీ, మట్టి రేణువులను పట్టుకుని కూర్చుంటుంది. 50 కిలోల డీఏపీ బస్తాలో దాదాపు 10 కిలోల భాస్వరం ఉంటుంది. పంట తీసుకోగా మిగిలింది నేలలోనే ఉండి, ఏటేటా మట్టి కోతతో కుంటలోకి, చెరువులోకి చేరుతుంది. పాచికి అదే విందు.

కెనడాలో 1973లో ఒక సరస్సుకు అడ్డంగా తెర కట్టి రెండు భాగాలు చేశారు. రెండు వైపులా కర్బనం, నత్రజని వేశారు. ఒక వైపు మాత్రం భాస్వరం కూడా కలిపారు. ఆ వైపు నీళ్లే పచ్చగా మారాయి.

పాచి చచ్చి కుళ్లేటప్పుడు నీళ్లలో ఆక్సిజన్ తగ్గిపోయి చేపలు చస్తాయి. నీలి ఆకుపచ్చ నాచులో కొన్ని రకాలు విషాన్ని తయారుచేస్తాయి, నీళ్లు కాచినా అది పోదు. పెయింటు ఒలికినట్టు తెట్టు కట్టిన నీళ్లు గొర్రెలకు, ఎనుములకు తాపొద్దు. మైలుతుత్తం వేస్తే నాచు చస్తుంది గానీ, అందులోని విషం ఒక్కసారిగా నీళ్లలో కలుస్తుంది. భాస్వరం అక్కడే ఉంటుంది.

"మనం రసాయనాలు వాడం కదా, మనకేం?" అంటారు కొందరు. పేడలోనూ భాస్వరం ఉంది. కుంట గట్టు మీదే పెంట దిబ్బ వేసి, జీవామృతం డ్రమ్ములు కడిగిన నీళ్లు అందులోకి వదిలితే, ఆవు పేడ కదా అని పాచి ఊరుకోదు!

ఇంకో చిక్కు ఏమంటే, పైనుంచి రావడం ఆగినా అడుగు బురదలోని భాస్వరం ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ నీళ్లలోకి వస్తుంది. అందుకే ఎండాకాలంలో చెరువు పూడిక మట్టిని చేలకు తోలుకోవాలి. పెద్దలు చేసిందీ అదే, పోయిన భాస్వరం తిరిగి చేనుకే చేరుతుంది. హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ లాగా పట్నం మురుగు, ఫ్యాక్టరీల నీళ్లు చేరిన చెరువు మట్టి మాత్రం వద్దు, అందులో భార లోహాలు ఉండొచ్చు.

చేలో మట్టి కదలకుండా వానలకు ముందే నవధాన్యాలు చల్లండి, వేరుశనగ సాళ్లు వాలుకు అడ్డంగా వేయండి. కుంటలోకి నీళ్లు దిగే చోట గడ్డి పెంచి, దానికి ముందు చిన్న పూడిక గుంత తీయండి. గుంత ఎక్కడ తీయాలో వీడియోలో చూపించాను. అందులో చేరిన మట్టిని ప్రతి పెద్ద వాన తర్వాత తీసి చేలో వేయాలి, లేకపోతే తర్వాతి వానకు అదీ కుంటలోకే పోతుంది.