కట్‌సీన్‌లలో కాంతి, కెమెరా: రూపకలక్షణ దృష్టి

వీడియో గేములో ఆటగాని చేతినుండి నియంత్రణమును కొంతసేపు తప్పించి కథాభాగమును చూపు ఘట్టమునకు కట్‌సీన్ అని వ్యవహారము. అంకముల నడుమ విష్కంభ ప్రవేశకాదులు కథను కూర్చునట్లే ఇదియు ఆటభాగముల నడుమ కథను కూర్చుచున్నది. కావున ఇది అర్థోపక్షేపకమే యని పూర్వపక్షము.

ఈ సామ్యము నిలువదు. నీరసమును, అనుచితమును అగు వస్తువును సూచింపవలెననియు, రసభావభరితమైనదానిని ప్రత్యక్షముగ చూపవలెననియు దశరూపకమున ధనంజయుడు విభజించెను. అర్థోపక్షేపకములైదును సూచ్యమునకు చెందినవి. కట్‌సీన్ తరచుగ మిక్కిలి రసవంతమైన ఘట్టమునే గ్రహించును. కావున అది దృశ్యమే. అయితే అంతవరకు కర్తయైన ఆటగాడు ఇట కేవలము ప్రేక్షకుడగును. ఈ మార్పు రసభంగహేతువు కాకుండ చూచు భారము కాంతిపైనను, కెమెరాపైనను పడుచున్నది.

మొదట కాంతి. ఆటలో ఆటగాడు ఏ దిక్కునుండి చూచునో ముందుగ తెలియదు. వెలుగు అన్ని కోణములకును సరిపడవలెను. కట్‌సీన్‌లో చూపు నిశ్చితము. కనుక ముఖముపై పడు ప్రధానకాంతిని, నీడను పలుచన చేయు కాంతిని, వెనుకనుండి అంచును తీర్చు కాంతిని ప్రతి షాటుకును వేరుగ అమర్పవచ్చును. మృచ్ఛకటిక ప్రథమాంకమున చీకటిని నటులు అభినయముచే తెలుపవలెను. ఇట ఆ పనిని వెలుగే చేయును. కాని ఆటలో మసకగానున్న గది కట్‌సీన్ మొదలగుటతోడనే నిష్కారణముగ వెలిగినచో అతుకు బయటపడును. దీపమో, గవాక్షమో, అగ్నియో ఆ వెలుగునకు హేతువుగ కానరావలెను.

ఇక కెమెరా. 1997 నాటి ఫైనల్ ఫాంటసీ 7లో ముందే సిద్ధపరచిన చలనచిత్రఖండములకును ఆటరూపమునకును భేదము స్పష్టము. 1998లో హిదెయో కోజిమా దర్శకత్వమున వెలువడిన మెటల్ గేర్ సాలిడ్ కట్‌సీన్‌లను ప్రధానముగ ఆటలోని పాత్రాకృతులతోనే నడిపినది. 2018లో కోరీ బార్లాగ్ దర్శకత్వమున వచ్చిన గాడ్ ఆఫ్ వార్ కథను ఆద్యంతము ఒకే షాటుగ కూర్చినది. క్రాటోస్ ఇంటికి అపరిచితుడు వచ్చిన ఘట్టమున సంభాషణమునుండి పోరునకు కెమెరా తెగక సాగి, నాయకుని వెనుక నిలుచును. నియంత్రణము ఆటగానికి తిరిగి వచ్చును. నాట్యశాస్త్రోక్తమైన కక్ష్యావిభాగమున పాత్ర పరిక్రమణముచేతనే స్థలము మారుట ఇట స్మరింపదగినది.

ఈ పద్ధతికి మూల్యమును కలదు. మాటలాడువాని ముఖమునుండి వినువాని ముఖమునకు చూపును తటాలున మార్చుటకు వీలులేదు. కెమెరాయో పాత్రయో కదలవలెను. కావున షాటును తెంచుట స్వతః దోషము కాదు, తెంపకుండుట స్వతః గుణమును కాదు. రసమునకు ఔచిత్యమే జీవితమన్న క్షేమేంద్రుని మతము ఇటను ప్రమాణము. ఆటగాని చేతినుండి తీసికొన్న కర్తృత్వమునకు తగిన రసమును తిరిగి యీయగల కాంతియు, చూపును మాత్రమే ఉచితములని సిద్ధాంతము.